ఫీజు కాగితంలో ఆ చిన్న పద్దు

అమెరికాలో చదివే మీ అమ్మాయి ఫీజు కాగితం ఎప్పుడైనా చూశారా? చదువు ఫీజు కాక, విద్యార్థి కార్యక్రమాల రుసుమని వేరే పద్దొకటి వుంటుంది. కట్టక తప్పదు. చాలాచోట్ల అందులో కొంత విద్యార్థులు ఎన్నుకున్న సంఘమే పంచుతుంది: నాటకాల వాళ్ళకింత, ఉగాది చేసుకునే మన పిల్లలకింత అని.

నాకు గిట్టని క్లబ్బుకి నా డబ్బెందుకూ, అంటారా? ఆ మాటమీదే 1996లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పాలకమండలి మీద కొందరు విద్యార్థులు కోర్టుకెక్కారు. అక్కడ అప్పటి రుసుము ఏడాదికి 331 డాలర్ల 50 సెంట్లు. 2000లో సుప్రీంకోర్టు వసూలు తప్పుకాదంది గానీ, ప్రభుత్వ విశ్వవిద్యాలయం క్లబ్బుల అభిప్రాయాలు చూసి డబ్బివ్వడం కూడదంది. వోట్లు పెట్టి నిర్ణయించే పద్ధతినీ శంకించింది. ఎక్కువమంది ఇష్టమే కొలతైతే తక్కువమందికి రక్షణ ఏదీ?

కనుక మనవాళ్ళు నలుగురేనని అమ్మాయిని వెనకాడవద్దనండి. క్లబ్బు రిజిస్టరు చేయించి, ఖర్చుల అంచనాతో గడువులోగా దరఖాస్తు పెట్టమనండి.