కొలంబస్‌కి పండగ ఎందుకు?

'అమెరికాను కనుగొన్నదెవరు?' అని అడగండి, ఐదో తరగతి పిల్లాడైనా ఠక్కున 'కొలంబస్' అంటాడు. 1492 అక్టోబర్ 12న ఆయన బహామాస్ దీవుల్లో కాలుపెట్టేసరికే అక్కడ టైనో జాతివాళ్ళు ఊళ్ళు కట్టుకుని, పంటలు పండించుకుంటూ కాపురాలు చేసుకుంటున్నారు. మనుషులున్న ఇంట్లోకి వెళ్ళి 'ఈ ఇల్లు నేనే కనుక్కున్నా' అంటే ఎలా ఉంటుంది చెప్పండి!

అలాగని ఆయన్ని తీసిపారెయ్యలేం. మూడు చిన్న ఓడలతో తెలియని సముద్రం దాటడం, తిరిగొచ్చి మళ్ళీ మూడుసార్లు వెళ్ళడం మాటలు కాదు. నావికుడిగా ఆ ఘనత ఆయనదే. మన వంటింటి మిరపకాయ కూడా ఆ రాకపోకల పుణ్యమే. (మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్ళు. వేల ఏళ్ళుగా సాగుచేసింది మాత్రం అమెరికా మూలవాసులు. ఆవకాయ కలిపేటప్పుడు ఎవరికి దణ్ణం పెట్టాలో మరి!)

నా పేచీ అంతా పండగతోనే. అమెరికాలో ఏటా అక్టోబర్ రెండో సోమవారం ఆయన పేరిట సెలవు, ఊరేగింపులు. ఆ కొలంబసే 1495లో దాదాపు 550 మంది టైనోలను బానిసలుగా స్పెయిన్‌కి ఓడలెక్కించాడు. సుమారు 200 మంది దారిలోనే పోయారు. ఆయన వెంట వెళ్ళిన మికేలే ద కూనెయో అదే ఏడాది రాసిన ఉత్తరం సంగతి తెలిస్తే కడుపు రగిలిపోతుంది. కొలంబస్ తనకో స్త్రీని ఇచ్చాడనీ, ఆమె గోళ్ళతో రక్కి ఎదిరిస్తే తాడుతో కొట్టి లొంగదీసుకున్నాననీ గొప్పగా రాసుకున్నాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు.

పేరు మిగిలిన ఒకావిడ అనకావోనా. ఇప్పటి హైతీ ఉన్న దీవిలో టైనోల రాణి. పాటలు కట్టడంలో దిట్ట. భర్త కవోనాబోని కొలంబస్ మనుషులు బంధించి ఓడెక్కిస్తే, స్పెయిన్ చేరకుండానే చనిపోయాడు. 1503లో స్పెయిన్ గవర్నర్ ఒవాండో వస్తే ఆవిడ విందు పెట్టి, ఆటపాటలతో స్వాగతం చెప్పింది. అతను టైనో నాయకుల్ని ఒక ఇంట్లోకి చేర్చి నిప్పు పెట్టించాడు. ఆవిడను ఉరి తీయించాడు. అప్పటికి కొలంబస్ పదవిలో లేడు, నిజమే. 1500లోనే సంకెళ్ళు వేసి వెనక్కి పంపేశారు. కానీ ఆ దారి వేసింది ఆయనే కదా!

అమెరికాలోని ఇటాలియన్లకి ఈ పండగ ప్రాణం. 1891లో న్యూ ఆర్లియన్స్‌లో 11 మంది ఇటాలియన్లను మూక చంపేసింది. అలాంటి రోజుల్లో 'మావాడు' అని తలెత్తుకోడానికి వాళ్ళకి దొరికిన పేరది. వాళ్ళ బాధ నాకర్థమవుతుంది. అయితే తలెత్తుకోడానికి ఇటలీలో ఇంకెవరూ పుట్టలేదా?

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం 1992లోనే ఆ రోజును మూలవాసుల దినంగా మార్చుకుంది. తర్వాత ఎన్నో ఊళ్ళు అదే బాట పట్టాయి. దేశమంతటి సెలవు మాత్రం ఇంకా కొలంబస్ పేరు మీదే ఉంది. మార్చుకున్న ఊళ్ళకి పోయిందేమీ లేదు, సెలవు సెలవే!