పగలు జింకకు, రాత్రి గద్దకు

ఈ వారం ముఖచిత్రం మీద జింక నిలబడి ఉంది. మా సంపాదకులు అడిగింది ఎగిరే జింకను. దీపావళి సంచిక, గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. నల్ల మగజింక గాల్లో ఉండాలి, దాని వెనక ఆకాశంలో వలస పక్షి ఒకటి కనపడాలి. ఆయన చెప్పిన బొమ్మ అది. దానికోసం రోళ్లపాడు అభయారణ్యంలో మూడు రోజులున్నాను. ఎగిరే జింక నా కెమెరాకు కూడా ఒకసారి చిక్కింది. దాన్ని ముఖచిత్రానికి పంపలేదు.

రెండో రోజు పొద్దున జరిగిన సంగతి ఇది. బాట మీద వస్తున్న ఒక బండి ఉన్నట్టుండి పక్కకు తిరిగి గడ్డిలోకి దూరింది. లోపల నలుగురు, నాలుగు పెద్ద లెన్సులు. మేస్తున్న మంద చెదిరింది. ఒక మగజింక నావైపు దూకింది. నాలుగు కాళ్లూ నేలను వదిలిన క్షణంలో నా వేలు మీట మీదే ఉంది. రాత్రి బసలో ఆ బొమ్మను పెద్దది చేసి చూశాను. మెడ వెనక్కి తిరిగి ఉంది, కళ్లు తెల్లబడి ఉన్నాయి. జింక ఉత్సాహంతో దూకడమూ ఉంది, నిజమే. కానీ మనం గోడకు తగిలించుకునే ఎగిరే జింకల్లో చాలావాటి వెనక ఇలాంటి బండి ఒకటి ఉంటుందని నా అనుమానం. అందుకే నిలబడిన జింకను పంపాను. అది నన్ను చూసి, నేను కదలనని తేల్చుకుని, మళ్లీ మేతకు తల వంచబోయే ముందు తీసిన బొమ్మ.

రోళ్లపాడు నందికొట్కూరుకు దగ్గర, మిడుతూరు మండలంలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. స్వాతి కార్తెలో అక్కడి గడ్డి మోకాలెత్తు ఉంటుంది. మొదళ్లలో పచ్చదనం ఇంకా పోదు, కొసలు మాత్రం ఎండి బంగారు రంగుకు తిరుగుతాయి. ఫోటోకు ఇంతకన్నా మంచి వెలుగు మన వైపు మరో నెలలో దొరకదు. అయితే ఆ వెలుగు నిలిచేది కాసేపే. తొమ్మిదిన్నర దాటితే నేల కాగి గాలి వణుకుతుంది. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా దూరపు జింక నీళ్లలో నీడలా అల్లాడిపోతుంది. పైగా మగజింకకు వీపు నలుపు, పొట్ట తెలుపు. నలుపులో వెంట్రుక కనపడాలని వెలుగు పెంచితే తెలుపు కాలిపోతుంది, తెలుపును కాపాడితే వీపు బొగ్గుముద్ద అవుతుంది. ఎండ ఏటవాలుగా పడే అరగంటలోనే రెండూ ఒకే బొమ్మలో ఇముడుతాయి.

మనం అన్నిటినీ జింక అనేస్తాం. నల్లమలలో తిరిగే దుప్పి, కణితి వేరు. వాటి కొమ్ములు కొమ్మలేస్తాయి, రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. ఈ మైదానంలో ఉన్నది కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దాని కొమ్ములు మెలికలు తిరిగి పైకి పోతాయి, జీవితాంతం రాలవు. అడవి దీనికి పనికిరాదు. కనుచూపు మేర అడ్డులేని నేల ఉండాలి, తోడేలు ఎటునుంచి వస్తోందో దూరం నుంచే కనపడాలి. రోళ్లపాడులో తోడేళ్లు కూడా ఉన్నాయి.

జింక గురించి ఇంతే. నన్ను మూడు రోజులూ పట్టి ఉంచింది పిల్లిగద్ద.

ఇంగ్లీషులో హారియర్ అంటారు. మాంటేగూ, పాలిడ్, మార్ష్ అనే రకాలు మన దగ్గరికి చలికాలం గడపడానికి వస్తాయి. కజకిస్తాన్, రష్యా గడ్డిమైదానాల్లో పిల్లలను చేసి, వానలు వెనకబట్టాక ఇటు దిగుతాయి, మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగిపోతాయి. మాంటేగూ గద్ద రెక్కలు చాపితే మీటరు పైనే, బరువు చూస్తే అరకిలో కూడా ఉండదు. అంత తేలిక కాబట్టే గడ్డి కొసలను తాకుతున్నట్టు, రెక్క కొట్టకుండా తేలిపోతుంది. ముఖం గుడ్లగూబ ముఖంలా గుండ్రంగా, ఈకల పళ్లెంలా ఉంటుంది. గడ్డిలో ఎలుక కదిలిన చప్పుడును ఆ పళ్లెం చెవికి చేరుస్తుంది.

ఈ గద్ద చెట్టు మీద నిద్రపోదు, నేల మీద నిద్రపోతుంది.

మొదటి సాయంత్రం అయిదుంపావుకు బాట పక్కన కూర్చున్నాను. ఆకాశం ఖాళీగా ఉంది. కాసేపటికి పడమటి నుంచి ఒకటి వచ్చింది. గడ్డి మీద ఒక చుట్టు తిరిగి, గడ్డిలోకి కాకుండా పక్కనున్న బోడి నేల మీద వాలింది. తర్వాత రెండు. తర్వాత ఎటుచూసినా అవే. వెండి రంగు మగవి, నడుము మీద తెల్లపట్టీ ఉన్న గోధుమరంగు ఆడవి, ఈ ఏటి పిల్లలు. అన్నీ ఆ బోడి నేల మీద దూరం దూరంగా కూర్చున్నాయి, సంతకు పోయి వచ్చినవాళ్లు రచ్చబండ దగ్గర ఆగినట్టు. ఈకలు సర్దుకున్నాయి. ఒకదాన్నొకటి తరుముకోలేదు, అరవలేదు. సూర్యుడు మునిగాక ఒక్కొక్కటిగా లేచి, గడ్డి మీద తక్కువ ఎత్తులో తిరిగి, ఎక్కడో ఒకచోట రెక్కలు పైకెత్తి నిలువునా దిగిపోయాయి. దిగినచోట గడ్డి ఒక్కసారి ఊగి ఆగింది. వేళ్ల మీద లెక్కపెడుతున్నాను. చీకటి ముదిరేసరికి లెక్క తప్పింది. ఆ చివరి పది నిమిషాల్లో తీసిన బొమ్మలు అచ్చుకు పనికిరావు, అన్నీ మసకే. అయినా చెరిపేయలేదు.

మరునాడు గద్దలన్నీ వేటకు పోయాక, ఎండెక్కాక, అటవీ సిబ్బందిలో ఒకాయన నన్ను గడ్డి అంచు దాకా తీసుకెళ్లాడు. గడ్డి నలిగి పళ్లెమంత గుంట పడిన చోటు చూపించాడు. ఒక గద్ద రాత్రి పడుకున్న పక్క అది. దాని పక్కనే బొటనవేలంత బూడిదరంగు ఉండ. గద్ద తిన్నదాంట్లో అరగనిది, వెంట్రుకలు, ఈకలు, పెంకులు, కడుపులోనే ఉండకట్టి నోటివెంట బయటికి వస్తుంది. గద్దలు ఏం తింటాయో శాస్త్రవేత్తలు ఇలాంటి ఉండలు విప్పి చూసే రాస్తారు. నేను దాన్ని ముట్టుకోలేదు. నేలమీద బోర్లా పడుకుని చిన్న లెన్సుతో ఫోటో తీశాను. తెరమీద పెద్దది చేస్తే మిడత కాళ్లు కనపడ్డాయి, రంపపు పళ్లతో సహా. పేడపురుగు వీపు పెంకు ముక్క నీలంగా మెరిసింది. ఎలుక వెంట్రుకలు, ఏదో చిన్న పిట్ట ఈక తునక. మండలం పేరులోనే మిడుత వినిపిస్తుంది, ఆ మిడతల కోసం వేల కిలోమీటర్లు దాటి వచ్చిన గద్ద రోజు రాబడీ ఖర్చూ ఆ ఉండలో ఉన్నాయి. మూడు రోజుల్లో నేను తీసిన అన్ని ఫోటోల్లో నాకు ఇష్టమైనది ఇదే. లోపలి పేజీలో అరచేతి సైజులో వేశారు. దయచేసి దాటేయకుండా చూడండి.

ఆ ఫోటోను అభయారణ్యం సరిహద్దు దగ్గర శనగ వేసిన రైతుకు చూపించాను. ఫోను దగ్గరికి లాక్కుని చూసి, "ఇది మా చేలో మిడత కాలే గదా సార్" అన్నాడు. అదే కాలో కాదో గానీ మాట సరైనదే. పిల్లిగద్ద పగలంతా గాలించేది గడ్డి ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న జొన్న, శనగ, వేరుశనగ చేలను కూడా. రాత్రికి గడ్డిలోకి వస్తుంది. జింకది తలకిందుల లెక్క. పగలు గడ్డిలో మేసి, చీకటి పడ్డాక చేలోకి వెళ్తుంది. ఒకే నేలను ఇద్దరు వంతులు వేసుకుని వాడుకుంటున్నట్టుంది. ఒకటి రైతుకు మేలు చేసిపోతుంది, ఇంకొకటి అప్పులోకి నెడుతుంది. మేలు చేసేదాన్ని ఆయన పెద్దగా గమనించలేదు, నష్టం చేసేదాని కోసం రాత్రిళ్లు మంచె మీద పడుకుంటున్నాడు.

"మీరు నిద్రపోయేది ఎప్పుడన్నా?" అని అడిగాను.

"మొలక లేసినకాడ్నుంచి నిద్రేడిది సార్. కన్ను మూస్తే మందంతా వొచ్చి కొసలు కొరికేసి పోతాది. కొడితే కేసు, కొట్టకపోతే అప్పు."

ఫోటోగ్రాఫర్లు ఎవరూ ఆ మంచెను తీయరు. నేనూ ఇంతకు ముందు రెండుసార్లు వచ్చినప్పుడు తీయలేదు.

ఇక చరిత్ర, క్లుప్తంగా. ఈ అభయారణ్యాన్ని 1988లో ప్రకటించింది జింక కోసమూ కాదు, గద్ద కోసమూ కాదు, బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా తూగే పక్షి, నేలమీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. 1980లలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అసద్ రహమానీ బృందం ఇక్కడ దాని మీద పరిశోధన చేసింది. కాపాడిన నేల 614 హెక్టార్లు. కాపుదల దొరికాక జింకలు పెరిగి చేల మీద పడ్డాయి, బట్టమేక పిట్ట మాత్రం తగ్గుతూ వచ్చింది. దానికి గడ్డి ఒక్కటే చాలదు, చుట్టూ మెట్టపైర్లు, బీళ్లు కూడా కావాలి. కాలువ నీళ్లు వచ్చాయి, అలగనూరు జలాశయం వచ్చింది, మెట్ట తడి అయింది, బీళ్లు దున్నేశారు. ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా కనపడదు, కరెంటు తీగలకు కొట్టుకుని చచ్చేవీ ఉన్నాయి. ఇప్పుడు దేశం మొత్తంలో నూటయాభైకి అటూ ఇటూ మిగిలాయి, ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని జైసల్మేరు వైపు. రోళ్లపాడులో కొన్నేళ్లుగా కనపడటం లేదు.

లంకమలలో పాదముద్ర

నేలమీదే బతికే ఇంకో అరుదైన పక్షి కోసం కడప జిల్లాకు వెళ్లకుండా ఈ కథనం ముగించలేను. సిద్ధవటం, బద్వేలు మధ్య లంకమల ముళ్లపొదల్లో కలివికోడి ఉంటుంది. వలస పక్షి కాదు, రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది. 1848లో ప్రకృతి శాస్త్రవేత్త జెర్డన్ దీన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత జాడ లేకపోతే అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో పక్షి శాస్త్రవేత్త భరత్ భూషణ్ పరిశోధన పుణ్యమా అని కడప జిల్లాలో మళ్లీ దొరికింది. తర్వాతి ఏళ్లలో పరిశోధకుడు జెగనాథన్, ఆయన సహచరులు పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుల జాడ వెతికారు. కలివికోడికి వెనక వేలు లేదు, ముందు మూడు వేళ్లే. మన్ను మీద ఆ మూడు గీతలు పడ్డాయంటే పక్షి ఆ దారిన నడిచినట్టే. ఆటోమేటిక్ కెమెరాలు కూడా పెట్టి బొమ్మలు తీశారు. నాకు మాత్రం ఆ మన్ను పట్టీయే గొప్ప ఫోటో అనిపిస్తుంది. దాన్ని తీసినవాడు పక్షిని కళ్లతో కూడా బెదిరించలేదు. ఈ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు.

కెమెరా తీసుకుని వెళ్లేవాళ్లకు

అటవీ సిబ్బంది అనుమతి ముందే తీసుకోండి. పొద్దున ఆరుకల్లా అక్కడుంటే మూడు గంటలు పని జరుగుతుంది. 400 మిల్లీమీటర్ల లెన్సు సరిపోతుంది, దగ్గరికి పోవాలన్న ఆశే బొమ్మను చెడగొట్టేది. బండి దిగకపోతే జింక పట్టించుకోదు, దిగితే మంద లేస్తుంది. గద్ద ఎగురుతుంటే షట్టరు సెకనులో రెండువేలవ వంతుకు తగ్గనివ్వకండి. డ్రోను వద్దు. దసరాకు చూసే పాలపిట్ట కూడా అక్కడ తీగల మీద బోలెడు కనపడుతుంది. పంజరంలో పెట్టి చూపించేవాళ్లకు డబ్బులివ్వడం మానేసి, అక్కడికి వచ్చి చూడండి.

చివరి రోజు పెద్ద లెన్సు తీసేసి 24 మిల్లీమీటర్ల లెన్సు పెట్టాను. గట్టుమీద నిలబడి ఒకే బొమ్మ తీశాను. అందులో జింకలు చుక్కల్లా ఉన్నాయి. గడ్డి, హద్దు కందకం, అవతల శనగ చేను, మంచె, దాని వెనక కరెంటు స్తంభాలు అన్నీ పడ్డాయి. పెద్ద లెన్సు ఇన్నేళ్లూ వీటిని బొమ్మలోంచి తోసేసింది, చూసేవాళ్లేమో జింకలు ఎక్కడో అడవిలో సుఖంగా ఉన్నాయనుకున్నారు. కాగితాల్లో కూడా అదే జరిగింది. గడ్డినేలను మన లెక్కల్లో బంజరు అని రాస్తారు. బంజరు అన్నాక దానిమీద ఏది కట్టినా లాభమే అనిపిస్తుంది. ఇదే కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అది పరుచుకున్న నేల దాదాపు ఆరువేల ఎకరాలు, అంటే రోళ్లపాడు అభయారణ్యానికి సుమారు నాలుగింతలు. సూర్యుడి కరెంటు కావాలి, కాదనను. కానీ నేలను ఇచ్చే ముందు దానిమీద ఎవరు పడుకుంటున్నారో ఒక చలికాలం సాయంత్రం వచ్చి చూడాలి. జింక మేసిన చేనుకు పరిహారం కూడా పంట చేతికొచ్చే రోజులకే రైతుకు అందాలి. మంచె మీద ఆయన కాపలా కాస్తున్నది తన చేను, మనం ఫోటోలు తీసుకుంటున్న జింక బతుకుతున్నది ఆ చేను మీద కూడా.

గద్దలు మార్చి దాకా ఉంటాయి. ఈ ఆదివారం సాయంత్రం కూడా అయిదున్నర ప్రాంతంలో బోడి నేల మీద కూర్చుంటాయి. వెళ్లి చూడండి. పొద్దు గుంకాక మాత్రం గడ్డిలో అడుగు పెట్టకండి, అక్కడ నేలమీద పక్షులు నిద్రపోతుంటాయి.