మాటే మందు, కరెంటు అనుపానం

చేతిలో గరిట ఉంటుంది, దాంతో కూర వడ్డించడమూ తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. "అదే... కూర తీసేది" అంటూ చెయ్యి తిప్పుతారు. పక్షవాతంలో మాట ఒక్కపూటలో పడిపోతుంది; ఈ జబ్బులో భాషను నడిపే మెదడు భాగాలు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా క్షీణిస్తాయి. అమెరికాలో మార్సెల్ మెసులామ్ 1982లో ఇలాంటి ఆరుగురి గురించి రాశాక వైద్యులు దీన్ని వేరే జబ్బుగా చూడసాగారు. ఇప్పటి పేరు ప్రైమరీ ప్రోగ్రెసివ్ అఫేజియా. ఆపే మందు లేదు. అందుకే స్పీచ్ థెరపీకి, కొద్దిపాటి కరెంటుతో మెదడుకు ఇచ్చే ప్రేరణను జోడించే ప్రయోగాల మీద ఆశ పెరిగింది. నా లెక్కలో అసలు మందు థెరపీయే. కరెంటు తేనెలాంటి అనుపానం.

ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజి ముక్కలు తలకు కట్టి, 20 నిమిషాల పాటు 2 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు పంపుతారు. చర్మం కాస్త చిమచిమలాడుతుంది, అంతే; షాక్ ట్రీట్‌మెంటుతో దీనికి పోలికే లేదు. ఇంత కొద్ది కరెంటు నిద్రపోయే నరకణాన్ని లేపలేదు, పనిలో ఉన్నదాన్ని కాస్త ఎగదోస్తుంది. ఆ పని పెట్టేది థెరపిస్టు. జాన్స్ హాప్కిన్స్‌లో కిరానా సాప్కిని బృందం 2018లో ప్రచురించిన పరీక్షలో 36 మందికి ఒక విడత నిజం కరెంటు, మరో విడత ఉత్తుత్తిది ఇచ్చారు. థెరపీ మాత్రం రెండుసార్లూ ఉంది. ఉత్తుత్తి కరెంటుతోనూ సాధన చేసిన మాటలు మెరుగయ్యాయి. నిజం కరెంటుతో ఆ లాభం రెండు నెలల దాకా నిలిచింది, నేర్పని మాటలకూ పాకింది. 36 మందే కదా అంటే, నిజమే, ఇది ఇంకా పరిశోధన దశే. మాటల అర్థమే చెరిగిపోయే రకం రోగుల్లో ఫలితం తక్కువ కూడా. ఎలాగూ ముదిరే జబ్బుకి ఇదంతా ఎందుకన్న ప్రశ్న మాత్రం నాకు మింగుడుపడదు. మోకాళ్లు ఇంకా అరుగుతాయని చేతికర్ర పారేస్తామా?

ఆ అమెరికా పరీక్షలో నేర్పింది ఇంగ్లీషు మాటల స్పెల్లింగు. పలికినట్టే రాసే తెలుగుకి ఆ పాఠం అతకదు. మన చిక్కు వస్తాను, వస్తాడు, వచ్చారు అనే క్రియల తోకల్లో ఉంది. మనకు నాలుగు భాషలొచ్చు, ఆ జబ్బు మన దరికి రాదనుకోవడానికీ లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలిస్తే, రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. కానీ అదే బృందం తర్వాతి అధ్యయనంలో మాట పోయే రకానికి ఆ రక్షణ కనబడలేదు. ఇక థెరపీ కోసం నర్సీపట్నం నుంచి వారాల తరబడి రోజూ విశాఖ బస్సెక్కడం ఏ ముసలాయన వల్లా కాదు. ఏరియా ఆసుపత్రి స్థాయిలో తెలుగులో, వీలైతే వీడియోలో, నేర్పే స్పీచ్ థెరపిస్టు ముందు కావాలి. యంత్రం సంగతి ఆ తర్వాత. ఇంట్లో పెద్దవాళ్ల మాట నెలనెలా తడబడుతుంటే వయసు మీద నెట్టేయకుండా న్యూరాలజిస్టుకి చూపించండి. ఆన్‌లైన్‌లో అమ్మే యంత్రం కొని మీరే నుదుటికి తగిలించకండి.