ఏ కాలానికి ఆ రుచి!

మల్లెలు, ముంజలు, మామిడికాయలు... ఇవి వచ్చాయంటే మన ఇళ్లలో వేసవి మొదలైనట్టే. ఆవకాయ పెట్టిన మూడో రోజు జాడీ మూత తీసి, తేలిన నూనెతో సహా తిరగకలిపి ఉప్పు సరిచూస్తారు. ఆనక వేడి అన్నంలో కొత్తావకాయ కలిపి అమ్మ పెట్టే ముద్ద కోసం పిల్లలంతా చుట్టూ చేరాల్సిందే!

తొలకరికి నేరేడుపళ్లు, ముసురుపట్టిన సాయంత్రం నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తులు, దసరా రోజుల్లో సీతాఫలాలు, సంక్రాంతికి రేగుపళ్లు... దేని వంతు దానిదే.

ఇప్పుడు ఆవకాయ ఏడాది పొడవునా సీసాల్లో దొరుకుతోంది. మూడో రోజు కోసం ఎదురుచూసే సరదా మాత్రం కొంటే వచ్చేది కాదు. అందుకే ఈసారి నాలుగు కాయలతోనైనా ఇంట్లోనే పెట్టండి. ముక్కల్లో జీడి తీసి, పొడిబట్టతో తుడిచే పని పిల్లలకు అప్పగించండి. మూడో రోజు మూత తీయమని గుర్తుచేసేది వాళ్లే!