ఒకే మందు - ఎలుకకో తీరు!

గాదెలో వడ్లు తినే ఎలుకలన్నీ రైతు కంటికి ఒకేలా కనిపిస్తాయి. కాని బోను పెట్టేవారికి అసలు సంగతి తెలుసు. ఒక ఎలుక కొత్త బోనులో మొదటి రాత్రే దూరుతుంది. మరొకటి రోజుల తరబడి దాని దరిదాపులకే రాదు. ఫ్రాన్సులోని బోర్డో నగరంలో పరిశోధకులు ఇలాంటి తేడానే ఆధారంగా చేసుకుని, మత్తుమందుకు ఎవరు చిక్కుతారు, ఎవరు చిక్కరు అన్న ప్రశ్నకు జవాబు వెతికారు.

పియాజా, లె మోల్, వారి సహచరులు 1989లో తమ ఫలితాలను ప్రకటించారు. వారు ఎలుకలను ఒక్కొక్కటిగా కొత్త చోట వదిలి, ఏది ఎంత తిరుగుతుందో లెక్క కట్టారు. ఎక్కువ తిరిగినవి ఒక జట్టు, తక్కువ తిరిగినవి మరో జట్టు.

ఆ తర్వాత రెండు జట్లకూ ఆంఫెటమిన్ అందుబాటులో ఉంచారు. ఇది నిద్రను, అలసటను, ఆకలిని అణచే ఉత్తేజక మందు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు మెలకువ కోసం ఈ మాత్రలు ఇచ్చేవారు. ఎలుక ఒక రంధ్రంలో ముక్కు పెడితే చాలు, సన్నని గొట్టం గుండా కొద్దిపాటి మందు దాని రక్తంలోకి వెళుతుంది. బాగా తిరిగే ఎలుకలు కొద్ది రోజుల్లోనే ఈ కిటుకు పట్టేసి, మందు తామే తీసుకోవడం మొదలుపెట్టాయి. నిదానపు ఎలుకలు అదే మోతాదును పట్టించుకోలేదు.

అయితే నిదానపు ఎలుకలకు భయం లేదనుకుంటే పొరపాటే. ముందుగా కొన్నిసార్లు ఆంఫెటమిన్ ఎక్కించి చూస్తే, అవి కూడా మందు కోసం రంధ్రం దగ్గరికి వెళ్ళాయి. అంటే పుట్టుకతో ఉన్న అడ్డుగోడను మందే కూల్చేసిందన్నమాట!

మరి ఈ తేడా ఎక్కడిది? 1991లో అదే బృందం దీనికి ఒక కారణం చూపింది. బెదురు కలిగినప్పుడు ఎలుక ఒంట్లో కార్టికోస్టెరోన్ అనే హార్మోను ఊరుతుంది. బాగా తిరిగే ఎలుకల్లో అది ఎక్కువసేపు నిలుస్తుంది. నిదానపు ఎలుకలకు ఆ హార్మోనును బయటి నుంచి ఇస్తే, అవీ మందు వైపు మొగ్గాయి. 1992లో మరో సంగతి బయటపడింది. చూలుతో ఉన్నప్పుడు తల్లి ఎలుకను కదలనీయకుండా బంధించి హింసపెడితే, దాని పిల్లలు పెద్దయ్యాక ఎక్కువగా తిరిగాయి. ఆంఫెటమిన్‌కూ తొందరగా చిక్కాయి.

మొదలుపెట్టడం వేరు, బానిస కావడం వేరు. 2004లో బోర్డోలోనే ఎలుకలకు దాదాపు మూడు నెలలు కొకైన్ తీసుకునే వీలు కల్పించారు. నూటికి 17 ఎలుకల్లో మాత్రమే బానిసత్వపు లక్షణాలు మూడూ కనిపించాయి. మందు రాదని తెలిసినా అవి ప్రయత్నం మానలేదు. దాని కోసం ఎంత కష్టమైనా పడ్డాయి. కాలికి కరెంటు షాకు తగిలినా వదలలేదు.

ఆ కొన్ని ఎలుకలు ఏవో ముందే పోల్చుకోవచ్చా? 2008లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు దీనికి జవాబు ఇచ్చారు. దీపం వెలిగేదాకా ఆగితేనే మేత దొరికే పరీక్షలో, ఆగలేక ముందే మూతి పెట్టే ఎలుకలు ఉంటాయి. షాకు తగిలినా కొకైన్ వదలని స్థితికి చేరినవి ఎక్కువగా ఇవే. కొత్త చోట బాగా తిరిగే ఎలుకలు మందును తొందరగా మరిగాయే గాని, ఆ స్థితికి చేరినవి అవి కావు.

మనిషి ఎలుక కాదు. మనిషికి ఇల్లు, ఊరు, స్నేహాలు, కష్టసుఖాలు ఉన్నాయి. అయినా ఈ ప్రయోగాలు ఒక సంగతిని తేటతెల్లం చేశాయి. "వాడు తీసుకున్నాడు, వాడికేం కాలేదు" అన్న మాట ఇంకొకరికి భరోసా కాదు. మందు అదే. అది చేరే ఒళ్ళు మాత్రం వేరు.