పొగమంచులో గగనయానం: కైకలూరు దుర్ఘటన నేపథ్యం

గుంటూరు: శీతాకాలపు వేకువజామున గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలపై కమ్ముకొనే పొగమంచు రహదారి ప్రయాణికులకు సుపరిచితమే. హెలికాప్టర్లకు, చిన్న విమానాలకు అది ఎంత ప్రమాదకరమో రాష్ట్ర ప్రజలు 2002 మార్చి 3న చూశారు. నాటి లోక్‌సభ స్పీకర్ శ్రీ జి.ఎం.సి. బాలయోగి ఆ ఉదయం భీమవరం నుండి బెల్ 206 రకపు ప్రైవేటు హెలికాప్టరులో బయలుదేరారు. అది కైకలూరు సమీపాన చేపల చెరువులో కూలిపోయింది. శ్రీ బాలయోగితో పాటు పైలట్, అంగరక్షకుడు మరణించారు. లోక్‌సభ స్పీకర్ పదవిని అధిష్ఠించిన తొలి దళితుడైన ఆయన వయస్సు అప్పటికి 50 సంవత్సరాలు.

వెలుతురు సరిగా లేనందున, క్రింద ఉన్నది నీరని గ్రహించక పైలట్ దిగేందుకు ప్రయత్నించడమే ప్రమాదానికి కారణమని తేలింది. ఈ అంశం కొంత వివరణ కోరుతుంది. గాలి స్తంభించిన ఉదయాన చెరువు నీరు అద్దం వలె నిశ్చలంగా ఉంటుంది. పైనున్న తెల్లని మంచే అందులో ప్రతిబింబిస్తుంది. గట్టు, చెట్టు, అల కనిపించనపుడు ఎత్తును అంచనా వేయడం అనుభవజ్ఞులకు సైతం దుస్సాధ్యం. రేపల్లె, నిజాంపట్నం ప్రాంతపు చెరువులకూ ఇది వర్తిస్తుంది.

విమానం నేల విడిచే సమయంలో మరొక భ్రమ కలుగుతుంది. వేగం హఠాత్తుగా పెరిగినపుడు, లోపలి చెవిలోని సమతౌల్య వ్యవస్థ విమానం ముక్కు మితిమీరి పైకి లేచినట్లు సూచిస్తుంది. దిగంతరేఖ కనిపిస్తే కన్ను ఆ పొరపాటును సరిదిద్దుతుంది. మంచులో ఆ ఆధారం ఉండదు. పరికరాలను కాక శరీరాన్ని నమ్మిన పైలట్ ముక్కును క్రిందికి వంచి, ఎగిరిన కొద్ది క్షణాలకే నేలను ఢీకొనే ప్రమాదం ఉంది.

దృశ్యత 1,000 మీటర్ల లోపునకు తగ్గితే వాతావరణ శాస్త్రం దానిని పొగమంచుగా పరిగణిస్తుంది. కంటిచూపు ఆధారంగా సాగే ప్రయాణాలకు సాధారణంగా 5 కిలోమీటర్ల దృశ్యత అవసరం. గన్నవరం వంటి విమానాశ్రయాలలో దీనిని కొలిచే ఏర్పాటు ఉంటుంది. కళాశాల మైదానంలో సున్నంతో గీసిన తాత్కాలిక హెలిప్యాడ్ వద్ద ఉండదు. అక్కడి అధికారి ఎంత దూరంలోని నీళ్ల ట్యాంకు, సెల్ టవర్ కనిపిస్తున్నవో యథాతథంగా తెలుపడమే పైలట్‌కు లభించే సమాచారం. "కార్యక్రమానికి ఆలస్యమవుతున్నది" అన్న మాట ఆ సమాచారంలో చేరరాదు. నేల చల్లబడి ఏర్పడే ఇటువంటి మంచు సాధారణంగా ఎండ ఎక్కిన కొద్ది గంటలలోనే విచ్చిపోతుంది.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి దుర్మరణం పాలైన నల్లమల ప్రమాదాన్ని దీనితో ఒకే గాటన కట్టడం సరికాదు. అక్కడ హెలికాప్టరు చిక్కుకున్నది పొగమంచులో కాదు, ఉరుముల మేఘాలలో. ప్రమాదం జరిగిన గంటలోనే "సాంకేతిక లోపం" అని వ్రాయడం పత్రికలలో పరిపాటి అయినది. కారణాన్ని నిర్ధారించవలసినది దర్యాప్తు సంస్థ. 2012 నుండి దేశంలో ఆ బాధ్యతను విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో నిర్వహిస్తున్నది.