తోలు పని - దాని వెల

మూసీనది ఉత్తరపు ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌కు, బేగం బజారుకు చేరువగా ఉన్నది ఉస్మాన్‌గంజ్. గంజ్ అనగా సరకు దిగే చోటు, సరకు కదిలే చోటు. ఇక్కడి బేరం బస్తాల మీద, పెట్టెల మీద సాగుతుంది. ఒక్కొక్క వస్తువును ఒక్కొక్క మనిషికి కొలిచి కుట్టే పనివానికి ఇటువంటి టోకు అంగళ్ల నడుమ చోటేమున్నది అని ఎవరికైనా తోచవచ్చు. నిజానికి చిన్న పనివానికి పెద్ద అంగడి చేరువలో ఉండడమే మేలు. అతనికి ఒకేసారి వంద బకిల్సులు అక్కరలేదు, పది చాలు. దారం, జిగురు, అస్తరుగుడ్డ, మేకులు నడిచి వెళ్లి చూసి, చేతితో తడిమి, కావలసినంత మేరకే తెచ్చుకోగలిగితే అతని కొద్దిపాటి పెట్టుబడి గోదాములో నిద్రపోదు. సరకు కొన్న వారంలోనే వస్తువుగా మారి సొమ్మై తిరిగి వస్తుంది.

అడిగినవారికి అడిగిన విధంగా తోలు సంచి, నడికట్టు, చెప్పులు, పుస్తకపు అట్ట చేసి ఇచ్చే చిన్న వృత్తి ఈనాడు మళ్లీ తల ఎత్తుతున్నది. చదువుకున్న యువకులు కూడా దీనివైపు చూస్తున్నారు. అయితే ఈ వృత్తిలో దిగినవారిలో పలువురు చేతిపని రాక చెడడం లేదు. పనికి వెల కట్టడం రాక చెడుతున్నారు. ఈ దౌర్బల్యానికి ఒక చరిత్ర ఉన్నది.

నిజాము కాలపు తెలంగాణ పల్లెలలో వెట్టి అనే దురాచారం ఉండేది. తోలు పని చేసే కులాలవారు దొరల ఇళ్లకు చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు పరికరాలు కూలి అడగకుండా చేసి ఇవ్వవలసి వచ్చేది. మోట బొక్కెన లేనిదే చేను తడవదు; వారు లేచి రానిదే మోట బొక్కెన లేదు. అయినా ఊరికి నీరు తోడిపెట్టిన ఆ చేతికి ఊరిలో చోటు లేదు. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వ అధికరణంలో వెట్టిచాకిరిని నిషేధించింది. పాఠశాలలో ఈ రెండు అధికరణాలను బోధించే ఉపాధ్యాయుడు ఒక జత చెప్పులను బల్లమీద పెట్టి, ‘దీని కూలి ఎంత?’ అని పిల్లలను అడిగితే పాఠం సగం చెప్పినట్లే. తోలు పనివాడు తన శ్రమకు వెల అడగడం అత్యాశ కాదు. అది పౌరుని హక్కు.

తోలును ఎరుగుట

పచ్చి చర్మం రెండు దినాలలో కుళ్లుతుంది. దానికి ఉప్పు పట్టించి నిలువచేసి, సున్నపు నీట నానవేసి వెంట్రుకలు తీసి, ఊనిన తరువాతనే అది తోలు అవుతుంది. పూర్వం ఈ పని లందలలో జరిగేది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పుష్పమైనది. ఆ తంగేడు చెట్టు పట్టయే చర్మాన్ని తోలుగా మార్చేదని తెలిసినవారు తక్కువ. తంగేడు పట్టలోను, కరక్కాయలోను ఉండే వగరు పదార్థం చర్మపు పోగులను పట్టుకొని, వాటిని కుళ్లనీయక నిలుపుతుంది. పందొమ్మిదవ శతాబ్ది చివర క్రోమియం లవణాలతో ఊనే పద్ధతి వచ్చింది. వారాలు పట్టే పని దినాలలోకి దిగింది. తోలు మెత్తగా, నీటికి ఓర్చేదిగా తయారైనది. కాని దాని మురికినీటిని శుద్ధి చేయకుండా వదిలితే భూమి, నీరు రెండూ పాడవుతాయి. కనుక చిన్న పనివాడు చర్మాన్ని తానే ఊనుకోవాలని తలపెట్టరాదు. ఊనిన తోలు కొని పని మొదలుపెట్టడమే క్షేమం.

పట్టతో ఊనిన తోలు గట్టిగా నిలుస్తుంది. తడిపి అచ్చు వేస్తే గుర్తు పట్టుకుంటుంది. నడికట్టుకు, చెప్పు అట్టకు అది తగినది. క్రోమియం తోలు వంగుతుంది, మడత పడుతుంది. సంచులకు, బూట్ల పైభాగానికి అది మేలు. పట్ట తోలును కోసి చూస్తే అంచు గోధుమవన్నెగా కనిపిస్తుంది. క్రోమియం తోలు నడిమిపొర తరచు నీలిబూడిద వన్నెలో ఉంటుంది. రెగ్జిను ముక్క అంటిస్తే కరిగి ముద్దకడుతుంది. తోలు కరగదు, వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. రెగ్జినును తోలని చెప్పి అమ్మినవానికి ఆనాటి లాభం ఉండవచ్చు. కాని కొలిచి చేసే వృత్తిలో కొన్నవాడు పనివాని ముఖం ఎరుగును, దుకాణం ఎరుగును. రెండవసారి రాడు, మరి నలుగురిని రానీయడు.

ఒకే తోలులో అన్ని చోట్లా ఒకే బలం ఉండదు. వెన్నెముకకు ఇరువైపులా తోలు దట్టంగా ఉంటుంది. పొట్ట వైపు వదులుగా ఉండి సాగుతుంది. నడికట్టును వెన్ను వెంబడి నిడివిగా కోయాలి. పొట్ట తోలుతో చేసిన నడికట్టు ఆరు నెలలలో ఒక అంగుళం సాగి, రంధ్రాలు కోలగా మారుతాయి. పొట్ట భాగాన్ని పారవేయనక్కరలేదు. లోపలి అరలకు, చిన్న సంచులకు అది పనికివస్తుంది. మిగిలిన ముక్కలు తాళపుచెవుల గుత్తికి, పుస్తకపు గుర్తుకు సరిపోతాయి.

ఆరె, రంపె, రెండు సూదులు

పనిముట్లు ఎక్కువ ఉండనక్కరలేదు. ఉన్నవి పదునుగా ఉండాలి. పొడవడానికి ఆరె, కోసి చెక్కడానికి రంపె, కొలబద్ద, సుత్తి, కుట్టు దూరాన్ని సమంగా గుర్తించే పండ్ల చక్రం, రంధ్రాలు కొట్టే పంచి, మైనం పూసిన దారం, రెండు సూదులు ఉంటే మొదటి ఏడాది గడుస్తుంది. మొద్దుబారిన రంపె తోలును కోయదు, జారుతుంది. జారిన రంపె చేతిని కోస్తుంది.

యంత్రపు కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానినొకటి పెనవేసుకొని ఉంటాయి. ఒక చోట తెగితే వరుస ఊడిపోవడం మొదలవుతుంది. చేతికుట్టులో ఒకే దారపు రెండు కొసలకు రెండు సూదులు ఉంటాయి. ప్రతి రంధ్రంలోనూ రెండు సూదులూ ఎదురెదురుగా దూరుతాయి. ఒక కుట్టు అరిగి తెగినా తక్కినవి పట్టు విడువవు. చేతిపని వస్తువుకు ఎక్కువ వెల ఎందుకని అడిగినవారికి ఈ సంగతి ఒక ముక్కమీద కుట్టి, ఒక కుట్టు తెంపి చూపించాలి. మాటకన్న అది త్వరగా నాటుకుంటుంది.

కొలత, వాయిదా

కొలిచి చేసే పనిలో నష్టాలన్నీ కొలత దగ్గరే పుడతాయి. నడికట్టుకు నడుము చుట్టుకొలత అడగడం కన్న, కొనేవారు వాడుతున్న పాత నడికట్టును తెప్పించి బకిల్సు మడత నుంచి వారు వాడే రంధ్రం వరకు కొలవడం మేలు. ఆ కొలత వద్ద నడిమి రంధ్రం వేసి, ఇరువైపులా రెండేసి రంధ్రాలు వేస్తే మనిషి చిక్కినా ఒళ్లు చేసినా పనికివస్తుంది. పాదాలను సాయంకాలం కొలవాలి. పగలంతా నడిచిన పాదం కొంత ఉబ్బి ఉంటుంది. మనిషిని నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ గీత గీయాలి. ఇద్దరు మనుషుల పాదాలే కాదు, ఒకే మనిషి రెండు పాదాలు కూడా సరిసమానంగా ఉండవు. కొత్త నమూనాను ముందు అట్టతో కోసి, చవక గుడ్డతో కుట్టి చూసుకొని, ఆ తరువాతనే తోలుమీద కత్తి పెట్టాలి. అట్ట తప్పితే రూపాయి. తోలు తప్పితే వంద.

ప్రతి ఆర్డరుకూ పుస్తకంలో ఒక పుట ఉండాలి. కొలతలు, రంగు, ఒప్పుకున్న వెల, తీసుకున్న బయానా, ఇవ్వవలసిన తేదీ అందులో వ్రాసి, కొనేవారిచేత చదివించాలి. బయానా కనీసం సరకు ఖరీదుకు తగ్గరాదు. ఒకరి కొలతకు చేసిన చెప్పులను వారు తీసుకోకపోతే మరొకరికి అమ్మడం కష్టం. వారంలో కాగల పనికి పది దినాలు వాయిదా చెప్పి, తొమ్మిదవనాడు ఇచ్చినవాడు మాట నిలిపినవాడు. అయిదు దినాలని చెప్పి ఏడవనాడు ఇచ్చినవాడు, పని ఎంత చక్కగా చేసినా, మాట తప్పినవాడే. తన పొరపాటువల్ల చెడిన వస్తువును తన ఖర్చుమీదనే తిరిగి చేసి ఇవ్వాలి. ఆ నష్టం వ్యాపారపు ఖర్చులలో ఒకటి.

వర్షాకాలంలో తోలుకు బూజు పడుతుంది. దానిని ప్లాస్టిక్ సంచిలో బిగించరాదు. గాలి ఆడే చోట, గుడ్డలో చుట్టి ఉంచాలి. తడిసినదాన్ని ఎండలో పెడితే పగులుతుంది, నీడలోనే ఆరనీయాలి. వస్తువుతో పాటు ఈ రెండు మాటలు కాగితం మీద వ్రాసి ఇస్తే కొన్నవారికి మేలు, చేసినవానికి పేరు.

సంచికి లెక్క

ఇక అసలు చిక్కు వెల. ఇక్కడ చెప్పే అంకెలు లెక్క నేర్చుకోవడానికే గాని అంగడి ధరలు కావు. ఒక సంచికి నమూనా ప్రకారం 6 చదరపు అడుగుల తోలు పడుతుందని, అడుగు 160 రూపాయలని అనుకొందాము. చాలామంది 6ను 160తో హెచ్చించి 960 అంటారు. బకిల్సులు, దారం, అస్తరు, జిగురు 250 కలిపి 1,210 అంటారు. 1,500కు అమ్మి 290 రూపాయలు మిగిలినవని సంతోషిస్తారు.

కాని తోలు చదరపు బల్ల కాదు. దానికి వంకరలు, మచ్చలు, పొట్ట అంచులు ఉంటాయి. తరుగు కింద నాల్గవ వంతు చేర్చితే 7½ అడుగులు, 1,200 రూపాయలు. తక్కిన సరకుతో 1,450. అంటే మిగిలినది 290 కాదు, 50. ఆ సంచికి పట్టిన పది గంటల పనికి ఆ యాభై రూపాయలే కూలి! అంతటితో అయిపోలేదు. దుకాణపు అద్దె, దీపం, పనిముట్ల అరుగుదల నెలకు 4,500 అనుకొందాము. నెలకు 25 దినాలు, దినానికి బల్లవద్ద 6 గంటలు చొప్పున 150 గంటలు. గంటకు 30 రూపాయలు. పది గంటలకు 300. కనుక ఆ పనివాడు పది గంటలు శ్రమపడి, పైగా 250 రూపాయలు తన చేతినుంచి ఇచ్చుకున్నాడు. వెట్టిని చట్టం తీసివేసింది; లెక్క రాని పనివాడు దానిని తెలియకుండానే తన ఇంటికి తిరిగి పిలుచుకుంటున్నాడు.

సరి అయిన లెక్క ఇది: సరకు 1,450, గంటకు 100 చొప్పున పది గంటల కూలి 1,000, దుకాణపు ఖర్చు 300, వెరసి 2,750. తోలు ధర పెరిగిననాడు, పని చెడిననాడు ఆదుకోవడానికి పదవ వంతు 275 చేర్చితే 3,025. ఆ వెల పలకని సంచిని చేయకపోవడమైనా మంచిది. లేదా పని గంటలను తగ్గించే నమూనా ఆలోచించడమైనా మంచిది. ఒక్కొక్కరికి ఒక్కొక్క కొత్త రూపం చేయడం కన్న, నాలుగైదు నమూనాలు స్థిరపరచుకొని, రంగులోను కొలతలోను పేరు అచ్చులోను మార్పు చేసి ఇవ్వడం ఇందుకు సులువైన మార్గం. కూలిలో మాత్రం కోత కోయరాదు. ఇంటి సొమ్ము, దుకాణపు సొమ్ము వేరువేరు పెట్టెలలో ఉండాలి; పనివాడు తన కూలి తానే లెక్కపెట్టి తీసుకోవాలి.

చదువు, సాయం

చిన్న సంస్థల నమోదుకు 2020 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఉద్యం పద్ధతిలో రుసుము లేదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో చెప్పుల పని కూడా ఒకటి. దాని ప్రకారం మొదట లక్ష రూపాయలు, అది తీర్చిన తరువాత రెండు లక్షలు, తాకట్టు లేకుండా 5 శాతం వడ్డీకి అప్పు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఏర్పాటు చేశారు. అప్పు దొరికింది కదా అని యంత్రం కొనరాదు. యంత్రానికి చాలినంత పని చేతిలో ఉన్నప్పుడే కొనాలి.

ఈ వృత్తికి పెద్ద చదువు ఎందుకని అనేవారు యలవర్తి నాయుడమ్మ జీవితం తెలుసుకోవాలి. తెనాలి ప్రాంతపు యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన ఆయన తోలు శాస్త్రాన్ని తన చదువుగా ఎంచుకొని, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. మద్రాసులో 1948లో వెలసిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు సారథ్యం వహించారు. సమాజం చిన్నచూపు చూసిన పనిని ప్రయోగశాల బల్లమీదకు తెచ్చి, తోలుకు శాస్త్ర గౌరవం కలిగించినవారిలో ఆయన ఒకరు. 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదంలో మరణించారు. నేడు పాదరక్షల రూపకల్పన నేర్పే జాతీయ సంస్థ శాఖ హైదరాబాదులోనే ఉన్నది. పదవ తరగతి పిల్లవానికి ఏ చదువులు ఉన్నవో చెప్పే ఉపాధ్యాయుడు ఆ పట్టికలో తోలు శాస్త్రాన్ని కూడా చేర్చవచ్చు.

గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉన్నప్పుడు చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. తనను చెరలో ఉంచిన జనరల్ స్మట్సుకు, 1914లో ఆ దేశం విడిచివెళ్లేటప్పుడు, తాను చేసిన ఒక జతను కానుకగా ఇచ్చారు. స్మట్సు వాటిని పెక్కు వేసవులు తొడిగి, 1939లో గాంధీజీ డెబ్బయ్యవ జన్మదినానికి తిరిగి పంపారు. పాతికేళ్లు నిలిచిన ఆ చెప్పులు చేతిపనికి మంచి సాక్ష్యం. అది కానుక కనుక గాంధీజీ వెల చెప్పలేదు. ఉస్మాన్‌గంజ్ చాయలలో ఆరె పట్టిన పనివాడు అటువంటి చెప్పులే కుట్టవచ్చు. కాని అతనికి ఇల్లు గడవాలి, పిల్లలను బడికి పంపాలి. కనుక అతడు వెల చెప్పాలి; తల వంచుకొని కాక, పుస్తకంలోని లెక్క చూపి చెప్పాలి.